పెంటకుప్ప నుంచి దాణా సంచి దాకా: అమెరికాలో కోడి, పురుగుల కథ

మన తెలుగు మహాసభల్లో ఎల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు తలుచుకోని సందర్భం అరుదు. భీమవరంలో పుట్టి, బోస్టన్ చేరి, 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ ఊళ్ళో ఉన్న లెడర్లీ ప్రయోగశాలకు వెళ్ళి, అక్కడ పరిశోధనలకు నాయకత్వం వహించిన మహానుభావుడాయన. ఫోలిక్ ఆమ్లం, బోదకాలుకు హెట్రజాన్, ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్, ఇవన్నీ ఆయన కాలంలో అక్కణ్ణుంచి వెలువడినవేనని మనకు తెలుసు. అయితే అదే ప్రయోగశాలలో జరిగిన మరో పరిశోధన అమెరికా కోడి తినే తిండినే మార్చేసిందన్న సంగతి మనలో చాలామందికి తెలియదు.

ఈనాడు అమెరికాలో కోళ్ళ దాణాలో పురుగుల్ని కలపాలని శాస్త్రవేత్తలు, వ్యాపారులు, పర్యావరణవాదులు అందరూ ఉత్సాహపడుతున్నారు. కొత్త కనుగోలులా వినిపించే ఈ మాట నిజానికి చాలా పాతది. కోడికి పురుగు తినడం ఎవరూ నేర్పలేదు. దాని నోటి దగ్గర నుంచి పురుగును తప్పించింది మనమే. ఎలా తప్పించాం, మళ్ళీ పెట్టడానికి ఎందుకింత కష్టపడుతున్నాం అన్నదే ఈ వ్యాసంలో సంగతి.

పెరటి కోడి రోజులు

మన పల్లెల్లో కోడిని "మేపడం" అనే మాటే ఉండేది కాదు. పొద్దున్నే గంప ఎత్తి గుప్పెడు నూకలో, కాస్త తవుడో చల్లితే ఇంటివాళ్ళ బాధ్యత తీరినట్టే. ఆ పైన దాని పొట్ట అదే చూసుకునేది. పెంటకుప్ప కెలికి పురుగుల్ని ఏరుకునేది. తొలకరి జల్లు పడ్డ సాయంత్రం ఉసిళ్ళు లేస్తే ఇక దానికి పండగే. చిన్న పిల్లలున్న తల్లికోడి కోసం చెదపుట్ట పెళ్ళలు తెచ్చి విదిలించే ఇళ్ళూ ఉండేవి. పట్టు పరిశ్రమ ఉన్న హిందూపురం వైపు, దారం తీశాక కాయల్లో మిగిలిపోయే పట్టుపురుగుల్ని ఎండబెట్టి కోళ్ళకూ, చేపలకూ వేయడం కూడా పాత అలవాటే.

అమెరికా పల్లెల్లో కూడా ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ళ దాకా ఇంచుమించు ఇదే పద్ధతి. కోళ్ళు ఇల్లాలి సొత్తు, గుడ్ల డబ్బు ఆమె చేతి ఖర్చు. కోళ్ళు కళ్ళం చుట్టూ, పశువుల పాక చుట్టూ తిరిగి కడుపు నింపుకునేవి. ఒక్కోసారి పురుగు మరీ ఎక్కువైపోయిన రోజులూ ఉన్నాయి. 1874లో రాకీ పర్వతాల వైపు నుంచి మిడతల దండు కేన్సస్, నెబ్రాస్కా ప్రాంతాల మీద పడి పచ్చని మొక్క లేకుండా చేసింది. కోళ్ళూ, టర్కీలూ ఆ మిడతల్నే తిని తిని, వాటి మాంసం, గుడ్లు కూడా నోట పెట్టలేనంత వాసన వచ్చాయని అప్పటి రైతులు చెప్పుకున్నారు. కోడి ఏం తింటే అది మన కంచంలోకి వస్తుందనడానికి అది అమెరికా రైతుకు తొలి పాఠం.

కోడి ఇంట్లోకి వచ్చింది

1923లో డెలావేర్ రాష్ట్రం ససెక్స్ కౌంటీలో సెసిల్ స్టీల్ అనే గృహిణి గుడ్ల కోసం 50 కోడిపిల్లలు పంపమని హేచరీకి రాస్తే, పొరపాటున 500 వచ్చాయి. ఆమె వాటిని తిప్పి పంపకుండా ఒక చిన్న షెడ్డు వేయించి, మాంసానికి పెంచి అమ్మింది. లాభం రావడంతో మర్నాటి ఏడు మరిన్ని తెప్పించింది. అమెరికా బ్రాయిలర్ పరిశ్రమ చరిత్ర రాసేవాళ్ళందరూ ఈ పొరపాటుతోనే మొదలుపెడతారు.

కానీ వందల కోళ్ళని నాలుగు గోడల మధ్య పెంచడం అంత తేలిక కాలేదు. ఎండ తగలని పిల్లలకు కాళ్ళు పడిపోయేవి. ఆ లోటు విటమిన్ డి అని 1920లలో తేలింది, కాడ్ చేప కాలేయపు నూనెతో తీరింది. ఆ తరవాత మరో చిక్కు. మొక్కజొన్న, సోయాపిండి ఎంత పెట్టినా పిల్లలు సరిగా ఎదిగేవి కావు. దాణాలో కొంత చేపపొడో, మాంసపు పొడో కలిపితే చాలు, పుంజుకునేవి. జంతు పదార్థాల్లో ఉన్న ఆ అంతుచిక్కని వస్తువుకు శాస్త్రవేత్తలు "యానిమల్ ప్రోటీన్ ఫాక్టర్" అని పేరు పెట్టుకున్నారు. 1948లో న్యూజెర్సీలోని మెర్క్ కంపెనీ పరిశోధకులు విటమిన్ బి12ను వేరుచేయడంతో ఆ రహస్యం చాలావరకు విడిపోయింది.

పెరటి కోడికి ఈ లోటు ఎందుకు రాలేదు? బి12ను తయారుచేసేవి సూక్ష్మజీవులు. అవి పెంటలో పుష్కలంగా ఉంటాయి. పెంట కెలికి తినే కోడికి విటమినూ, మాంసకృత్తులూ అక్కడే దొరికేవి. మనం అసహ్యించుకున్న ఆ కెలుకుడే దాని వైద్యశాల అన్నమాట.

ఇక్కడే లెడర్లీ కథలోకి వస్తుంది. సుబ్బారావు గారు 1948 ఆగస్టులో కన్నుమూశారు. అదే ఏడాది చివర ఆయన సహోద్యోగులు థామస్ జూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్, ఆరియోమైసిన్ తయారీలో మిగిలిపోయిన మడ్డిని కోడిపిల్లలకు పెట్టి చూశారు. అందులో బి12 ఉంటుందని వాళ్ళ ఆలోచన. పిల్లలు బి12తో వచ్చే ఎదుగుదల కన్నా ఎక్కువే ఎదిగాయి. ఆ అదనపు ఎదుగుదలకు కారణం మడ్డిలో మిగిలిన యాంటీబయాటిక్కేనని తరవాత తేలింది. 1951లో దాణాలో యాంటీబయాటిక్కులు కలపడానికి ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. బి12, యాంటీబయాటిక్, మొక్కజొన్న, సోయా కలిసిన ఆ సంచి వచ్చాక కోడికి పెరటితో పని లేకుండా పోయింది. చికెన్ అందరి ఇంటి వంట అయింది. బీద ఇంట్లో కూడా మాంసం ఉడికింది. ఆ మేలును మనం కాదనకూడదు.

అయితే లెక్కలో కొన్ని పద్దులు ఆలస్యంగా కనిపిస్తాయి. మందుకు లొంగని సూక్ష్మజీవులు పెరిగాయన్న భయంతో, మనుషుల వైద్యానికి ముఖ్యమైన యాంటీబయాటిక్కుల్ని కేవలం ఎదుగుదల కోసం దాణాలో కలపడం 2017 జనవరి నుంచి అమెరికాలో ఆగిపోయింది. దీనికి పట్టిన కాలం అరవై ఆరేళ్ళు.

పెంట పెరిగింది, ఈగలు పెరిగాయి

రెండో పద్దు షెడ్డు కిందే పేరుకుంది. గుడ్లు పెట్టే కోళ్ళని తీగల గూళ్ళలోకి ఎక్కించాక, వేల కోళ్ళ రెట్ట ఒక్కచోట గుట్టలు పడింది. దాన్ని కెలికే కోడి పైన గూట్లో ఉంది, కింద ఈగల పిల్లలు నిశ్చింతగా పెరిగాయి. ఫారం చుట్టుపక్కల కాపురాలు ఫిర్యాదులు చేశాయి. మందు చల్లితే కొన్నాళ్ళకు ఈగ ఆ మందును తట్టుకోవడం నేర్చుకుంది.

ఆ పరిస్థితుల్లో కొందరు శాస్త్రవేత్తలు తలకిందులుగా ఆలోచించారు. ఈగ పిల్లని చంపడం దేనికి, దాన్నే దాణా చేస్తే పోలేదా? మేరీలాండ్‌లోని బెల్ట్స్‌విల్‌లో వ్యవసాయ శాఖ పరిశోధకులు కాల్వర్ట్, మార్టిన్, మోర్గన్ కోళ్ళ రెట్ట మీద ఇంటి ఈగల్ని పెంచి, వాటి ప్యూపాలను ఎండబెట్టి కోడిపిల్లలకు పెట్టారు. ఆ ఫలితాలు 1969, 1970లలో అచ్చయ్యాయి. కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో టియోటియా, మిల్లర్ అదే దారిలో 1973లో పరిశోధన ప్రచురించారు. విస్కాన్సిన్‌లో జీన్ డిఫోలియార్ట్ బృందం, పశ్చిమ రాష్ట్రాల్లో పంటల్ని తినేసే మోర్మన్ క్రికెట్ అనే పురుగును బ్రాయిలర్లకు పెట్టి, సోయాకు తీసిపోని ఎదుగుదల వచ్చిందని 1982లో చూపించింది.

కాలం కూడా కలిసొచ్చినట్టే కనిపించింది. 1972లో పెరూ తీరంలో ఆంకోవీ చేపలు పడక చేపపొడి ధర చుక్కలంటింది. దాని ప్రభావం సోయా మీద పడింది. 1973 జూన్‌లో ప్రెసిడెంట్ నిక్సన్ సోయా ఎగుమతులనే కొంతకాలం ఆపేశారు. మాంసకృత్తుల కోసం ఒకటి రెండు వనరుల మీదే ఆధారపడితే ఏమవుతుందో ప్రపంచానికి తెలిసొచ్చింది. కానీ సోయా ధర దిగగానే అందరూ ఆ పాఠాన్ని మరిచిపోయారు.

టిఫ్టన్‌లో నల్ల సిపాయి

ఈ కథలో అసలు నాయకుడు జార్జియా రాష్ట్రంలో కనిపిస్తాడు. దాని పేరు బ్లాక్ సోల్జర్ ఫ్లై, మన భాషలో నల్ల సిపాయి ఈగ అనుకుందాం. చూడ్డానికి సన్నటి కందిరీగలా ఉంటుంది గానీ కుట్టదు. పుట్టినిల్లు అమెరికా ఖండాలే. పెద్దయ్యాక తిండి కోసం వంటిళ్ళ మీద పడదు, మన కంచాల మీద వాలదు. లార్వాగా ఉన్నప్పుడు తిని దాచుకున్న కొవ్వుతోనే మిగిలిన కొద్ది రోజుల జీవితం గడిపేస్తుంది. ఆడ ఈగ ఒక్కసారికి కొన్ని వందల గుడ్లు పెడుతుంది. అది కూడా కుళ్ళు మీద కాకుండా, పక్కనున్న ఏదో పొడి సందులో పెడుతుంది.

టిఫ్టన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ జార్జియా పరిశోధనా కేంద్రంలో క్రెయిగ్ షెపర్డ్ ఈ ఈగ మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. ఈ లార్వాలు నిండుగా ఉన్న కోళ్ళ పెంటలో ఇంటి ఈగలు పెరగలేకపోతున్నాయని 1983లో రాశారు. ఈ విషయాన్ని కాలిఫోర్నియాలో ఫర్మన్ తదితరులు 1959లోనే గమనించారు. షెపర్డ్ దాన్నొక పద్ధతిగా మలిచారు. 1994లో ల్యారీ న్యూటన్ తదితరులతో కలిసి ప్రచురించిన వ్యాసంలో మూడు లాభాలు లెక్కగట్టారు. లార్వాలు పెంటను దాదాపు సగానికి తగ్గిస్తాయి. ఇంటి ఈగల బెడద పోతుంది. పైగా, ఎండబెడితే సుమారు 42 శాతం మాంసకృత్తులు, 35 శాతం కొవ్వు ఉండే దాణా మిగులుతుంది. ఆ కొవ్వులో ఎక్కువ భాగం మన కొబ్బరినూనెలో ఉండే లారిక్ ఆమ్లమే.

ఇంకో వింత ఉంది. కడుపునిండా తిన్నాక ఈ లార్వా రంగు నల్లబడుతుంది, తిండి మానేస్తుంది, పొడి చోటు వెతుక్కుంటూ కుప్ప వదిలి పైకి పాకుతుంది. గట్టుకు ఒక వాలు కట్టి, దాని చివర డబ్బా పెడితే, పురుగులు తమంతట తామే వచ్చి డబ్బాలో పడతాయి. కోతకు కూలీ ఇవ్వక్కర్లేని పంట ఇది.

ఒక్క ఇబ్బంది చాలాకాలం వేధించింది. ఈ ఈగలు జత కట్టాలంటే మంచి వెలుతురు కావాలి. గదిలో పెంచితే గుడ్లు పెట్టేవి కావు. అందుకని పరిశోధన ఎక్కువగా వేసవి మీద, ఆరుబయట దొరికే ఈగల మీద ఆధారపడేది. 2002లో షెపర్డ్, ఆయన శిష్యుడు జెఫ్రీ టాంబర్లిన్, మరి కొందరు గ్రీన్‌హౌస్‌లో ఏడాది పొడుగునా వీటి సంతతిని నిలిపే పద్ధతిని వివరంగా ప్రచురించారు. ఆ తరవాత టాంబర్లిన్ టెక్సస్ ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీలో ఆ పనిని కొనసాగించారు. ఈనాడు ప్రపంచమంతటా నడుస్తున్న ఈ ఈగల ఫారాలకు ఆ చిన్న వ్యాసం బాలశిక్ష వంటిది.

చట్టం గడప దగ్గర

పరిశోధన ఎంత బాగున్నా, దాణాలో కలపాలంటే అనుమతి కావాలి. అమెరికాలో దాణా దినుసులకు నిర్వచనాలు రాసేది ఆఫ్కో అనే సంఘం. రాష్ట్రాల దాణా అధికారులు దాని సభ్యులు, 2024 దాకా ఫెడరల్ ఆహార, ఔషధ సంస్థ ఒప్పందం ప్రకారం దానికి తోడుగా ఉండేది. 2016లో సాల్మన్ జాతి చేపల మేతకు, 2018లో కోళ్ళ దాణాకు, 2021లో కుక్కల ఆహారానికి ఎండు లార్వాలను ఒప్పుకున్నారు. పిచ్చి ఆవుల జబ్బు తరవాత 2001 నుంచి జంతు మాంసకృత్తుల మీద కఠినమైన నిషేధం పెట్టుకున్న యూరప్ కూడా 2021లో కోళ్ళకు, పందులకు పురుగుల దాణాను అనుమతించింది.

అయితే ఆఫ్కో నిర్వచనంలో ఒక షరతు ఉంది. లార్వాలను దాణాకు పనికొచ్చే పదార్థాల మీద మాత్రమే పెంచాలి. అంటే కోళ్ళ పెంట మీద పెంచిన లార్వాను కోడికి పెట్టకూడదు. ఎక్కడైతే ఈ ఆలోచన పుట్టిందో, సరిగ్గా దాన్నే చట్టం తలుపు బయట నిలబెట్టిందన్నమాట!

అధికారుల్ని తప్పుపట్టడం సులువే గానీ వాళ్ళ భయానికి కారణాలున్నాయి. కోళ్ళ పెంటలో ఈ లార్వాలు సాల్మొనెల్లా, ఈ కోలై వంటి క్రిముల్ని తగ్గిస్తాయని జార్జియాలోనే చేసిన పరిశోధన 2004లో వచ్చింది. "తగ్గిస్తాయి" అంటే పూర్తిగా పోతాయని కాదు. తిండిలో ఉన్న కాడ్మియం వంటి లోహాలు లార్వా ఒంట్లో పేరుకుంటాయి. పెంటలో మందుల అవశేషాలూ ఉండవచ్చు. 1874 నాటి మిడతల వాసన పాఠం ఇక్కడ మరో రూపంలో ఎదురవుతుంది. కోడి తిన్నదే కాదు, కోడి తిన్న పురుగు ఏం తిన్నదో కూడా చూసుకోవాలి.

పురుగుకు పెట్టేదేమిటి?

ఈ షరతు వల్ల వ్యాపారం లెక్కే మారిపోయింది. 2009లో ఒహాయో రాష్ట్రం ఎల్లో స్ప్రింగ్స్‌లో గ్లెన్ కోర్ట్‌రైట్ ఎన్విరోఫ్లైట్ కంపెనీ పెట్టారు. తరవాత అది డార్లింగ్ ఇంగ్రీడియెంట్స్ చేతికి వెళ్ళింది. 2018లో కెంటకీలోని మేస్‌విల్‌లో పెద్ద కర్మాగారం తెరిచింది. ఇల్లినాయ్‌లోని డికేటర్‌లో ఏడీఎమ్, ఫ్రెంచి సంస్థ ఇన్నోవాఫీడ్ కలిసి పనిచేస్తామని 2020లో ప్రకటించి, 2024లో నమూనా కేంద్రం ప్రారంభించాయి. చికెన్ దిగ్గజం టైసన్ 2023లో డచ్చి సంస్థ ప్రోటిక్స్‌లో వాటా కొన్నది. మరోవైపు, కోట్లకొద్దీ డాలర్ల పెట్టుబడి సమకూర్చుకున్న ఫ్రెంచి సంస్థ ఇన్‌సెక్ట్ 2024లో కోర్టు రక్షణ కోరవలసి వచ్చింది.

డబ్బున్న కంపెనీలు కూడా ఎందుకు తడబడుతున్నాయి? అమెరికాలో కోళ్ళ పెంపకం ఖర్చులో ఎక్కువ భాగం దాణాదే కాబట్టి, సోయా కన్నా ఎంతో ఖరీదైన లార్వా పొడిని బ్రాయిలర్ కంపెనీ కొనదు. లార్వాకు గోధుమ తవుడో, విస్కీ తయారీలో మిగిలే ధాన్యపు పిప్పో పెడితే, ఆ తవుడును, పిప్పిని కోడికో, పశువుకో నేరుగానే పెట్టవచ్చు కదా. మధ్యలో పురుగొకటి తిని, వెచ్చటి గది, కరెంటు, ఎండబెట్టే యంత్రం అన్నీ ఖర్చు పెట్టించి, మళ్ళీ కోడికి చేరితే మిగులు ఎక్కడిది? అందుకే ఎండు లార్వాలు నేడు ఎక్కువగా కుక్కల, పిల్లుల ఆహారంలోకి, పెరట్లో ఆరేడు కోళ్ళు పెంచుకునే వాళ్ళకు చిరుతిండి సంచుల్లోకి పోతున్నాయి. కోడిని అపురూపంగా చూసుకునే వాళ్ళు కొంటారు, కోడితో బతికేవాళ్ళు కొనలేకపోతున్నారు.

కాబట్టి "పురుగుల దాణా పర్యావరణానికి మంచిదా?" అని ఎవరైనా అడిగితే, ఆ పురుగు ఏం తిని పెరిగిందని ఎదురు ప్రశ్న వెయ్యాలి. ఇంకెవరూ తినలేని వ్యర్థం తిని పెరిగితే మంచిదే. కోడి తినగలిగిన ధాన్యం తిని పెరిగితే అది అలంకారం మాత్రమే.

ఆ వ్యర్థానికి ఈ దేశంలో కొదవ లేదు. అమెరికాలో తయారయ్యే ఆహారంలో 30 నుంచి 40 శాతం దాకా వృథా అవుతోందని వ్యవసాయ శాఖ అంచనా. పెంట విషయంలో చట్టం జాగ్రత్త న్యాయమే అయినా, కూరగాయల మార్కెట్లలో, ఆహార కర్మాగారాల్లో చెయ్యి పడకుండా మిగిలిపోయేదాన్ని వేరుగా సేకరించి, పరీక్షించి, లార్వాలకు చేర్చే ఏర్పాటు అసాధ్యమైనది కాదు. అసలు అవసరం కొత్త ఈగలు కాదు, చెత్తను చెత్తగా కలిపెయ్యకుండా విడిగా ఉంచే అలవాటు.

మనకెందుకీ కథ?

మనవాళ్ళకూ కోడికీ అనుబంధం తక్కువది కాదు. హైదరాబాదులో పుట్టిన బండా వాసుదేవరావు గారు 1971లో వెంకటేశ్వర హేచరీస్ స్థాపించారు. బాబ్‌కాక్, కాబ్ వంటి అమెరికా కోళ్ళ జాతులు ఆ సంస్థ ద్వారా భారతదేశంలో విస్తరించాయి. 1982లో గుడ్డు ధర రైతు చేతిలో ఉండాలని నెక్‌ను నిలబెట్టిందీ ఆయనే. అమెరికా గూడు, అమెరికా దాణా సంచి అలా మన గోదావరి జిల్లాలకూ, తెలంగాణకూ చేరాయి. వాటితో పాటే సోయా ధరల ఒడిదుడుకులు, షెడ్డు కింద పెంట, ఊళ్ళో ఈగలు కూడా చేరాయి. మొక్కజొన్న, సోయా ధరలు పెరిగినప్పుడల్లా అక్కడి రైతు ఎంత నలిగిపోతాడో, ఆ ఇళ్ళ నుంచి వచ్చిన మనలో చాలామందికి తెలుసు.

అందుకని, ఇక్కడి కొత్త పరిశ్రమను చూసి ఊళ్ళో పెట్టుబడి పెట్టాలని ఉబలాటపడే మిత్రులకు ఈ చరిత్ర ఒక మాట చెబుతుంది. షెడ్డు, యంత్రాల కన్నా ముందు చూడవలసింది ఆ ఊళ్ళో రోజూ, ఏడాది పొడుగునా, పరిశుభ్రంగా దొరికే వ్యర్థమేమిటన్నది. కూరగాయల మార్కెట్టా, పండ్ల రసాల ఫ్యాక్టరీయా, పట్టు కాయల మిగులా? అది తేలాకే ఈగ. మన ఊళ్ళ వేడి, వెలుతురు ఈ ఈగకు ఉచితంగా దొరుకుతాయి. ఒహాయో చలికాలంలో వాటికి కరెంటు బిల్లు కట్టుకోవాలి. ఆ తేడా చిన్నది కాదు.

ఇక్కడున్న మనం చేయగలిగిందీ ఒకటుంది. మూడు రోజుల సభల్లో వేలమందికి వడ్డించే విందుల్లో ఎంత మిగులుతుందో వంటశాల వైపు వెళ్ళిన వాలంటీర్లకు బాగా తెలుసు. విస్తట్లో ఎంగిలి సంగతి వేరు. వంటకు ముందు తరిగి పారేసే కూరగాయల తొక్కల్ని, ఆకుల్ని విడిగా పెట్టి, ఆ ఊళ్ళో ఉన్న కంపోస్టు కేంద్రానికో, ఈగల ఫారానికో ఇవ్వడం స్వాగత సంఘాలకు పెద్ద భారం కాదు.

తొక్కలు ఇటు, ఎంగిలి అటు పారేసి, దేన్ని కోడికి వదలాలో దేన్ని వదలకూడదో మన అమ్మమ్మలు ఏ నిర్వచనాలూ చదవకుండానే చూసుకున్నారు. బెల్ట్స్‌విల్ నుంచి టిఫ్టన్ దాకా శాస్త్రవేత్తలు ఆ విడదీతకే కొలతలు కట్టారు. ఇక ఆచరణే మిగిలి ఉంది.